నాలుగో గోడకు వన్స్ మోర్

రాయపురంలో భాష్యం గొంతు గురించి చెప్పుకునే మాటల్లో సగం అబద్ధాలు. తక్కిన సగం ఆయన స్వయంగా పుట్టించినవి. ఒకసారి ఆయన మేడమీద మోహనరాగం ఎత్తుకుంటే రేవులో లంగరేసిన ఓడ ఒకటి ముక్కు ఇటు తిప్పిందనీ, దాన్ని మళ్ళీ సముద్రం వైపు మళ్ళించడానికి కప్తాను తనకొచ్చిన భాషలన్నిట్లోనూ తిట్టాల్సివచ్చిందనీ చెప్పేవారు. పక్కింటి మునియక్క ఇంకో అడుగు ముందుకేసింది. ఆమె చేపల వ్యాపారం చేసే మనిషి. తన గంపలో కొట్టుకుంటున్న వంజరం చేప భాష్యం ఆలాపన పూర్తయ్యేదాకా ఒద్దికగా పడుకుని, ఆ తర్వాతే ప్రాణం విడిచిందని గంగమ్మ మీద ఒట్టేసి చెప్పేది.

పగలు మాత్రం ఆ గొంతుకు పనిలేదు. భాష్యం ఒక ఓడల కంపెనీ గిడ్డంగిలో గుమాస్తా. నెత్తి మీద జుట్టు ఉన్ననాటి నుంచీ అక్కడ ఆయన పలుకుతూ వచ్చిన మాట ఒక్కటే, “ఎస్ సార్”. దానికి రాగం అక్కర్లేదు.

అందుకే ఆయన ఏడాదంతా ఒక్క సాయంత్రం కోసం బతికేవాడు. టి. నగర్‌లో ఆంధ్ర వినోదినీ సభ వార్షికోత్సవం జరిగినప్పుడల్లా తొలిపద్యం భాష్యానిదే. పట్టు జుబ్బా, జరీ కండువా వేసుకుని ఆయన వేదిక ఎక్కేవాడు. హార్మోనియం నాగప్పన్ శ్రుతి ఇచ్చేవాడు. నాగప్పన్‌కు చెవులు సరిగా వినిపించవు గానీ వేళ్ళకు బాగా వినిపిస్తుంది. పద్యం ముగిసేసరికి జనం నాటకాల అలవాటుకొద్దీ “వన్స్ మోర్” అని అరిచేవారు. భాష్యం మళ్ళీ పాడేవాడు. మళ్ళీ అరిచేవారు. మొదటిది పద్యానికి, రెండోది ఆనవాయితీకి. ఆ రెండు వన్స్ మోర్లు చెవుల్లో మోగినన్నాళ్ళు గిడ్డంగిలో దొర ఎంత కసురుకున్నా ఆయనకు చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు.

ఇంతలో ఆంధ్రరాష్ట్రం వేరుపడింది. మద్రాసు అరవవాళ్ళకు ఉండిపోయింది. సభలో సగం మంది ఆఫీసు బీరువాలతో పాటు కర్నూలు రైలెక్కారు. పాత కార్యదర్శి కూడా అందులో ఉన్నాడు. మిగిలిన వాళ్ళలో ఆ కుర్చీ వద్దననివాడు శంకరనారాయణ ఒక్కడే గనక ఆయనే కార్యదర్శి అయ్యాడు.

శంకరనారాయణ కాలేజీలో పాఠాలు చెప్పుకునే పడుచువాడు, ఆపైన ఆధునిక కవి. ఖద్దరు చొక్కా పై బొత్తాం ఎప్పుడూ పెట్టుకోడు. మానవజాతి ఆవేదన పోవడానికీ రావడానికీ ఆ సందు అవసరమని ఆయన ఉద్దేశం కాబోలు. మొదటి సమావేశంలోనే లేచి నిలబడి పద్యం చచ్చిపోయిందని ప్రకటించాడు. పెద్దవాళ్ళందరూ పరామర్శకు వచ్చినట్టు తలలు దించుకుని కూర్చున్నారు. ఇక మీదట సభ ఆధునిక కవితతోనే మొదలవ్వాలన్నాడాయన. ఏ కవిత అని అడిగితే, వేరేదేదీ చేతిలో లేనందువల్ల తనదే అన్నాడు.

పెద్దలు నసిగారు. భాష్యం లేకపోతే హాలు నిండదని ఒకరు, ఆయన పేరు చూసే జనం వస్తారని ఒకరు మెల్లిగా చెప్పారు. శంకరనారాయణ ఆలోచించి ఒక షరతు పెట్టాడు. కవితను భాష్యంగారే చదవవచ్చు, కానీ ముందు ఆధునిక కవిత్వాన్ని ఆస్వాదించడం నేర్చుకోవాలి. ఆస్వాదించలేనివాడు చదవలేడు. ఆదివారాలు తన ఇంటికి వస్తే నేర్పుతాడు. నేర్చుకోలేకపోతే కోడంబాక్కంలో సినిమా బొమ్మలకు గొంతు అరువిచ్చే పళని అనే ఆయన ఉన్నాడు, ఆయన చదువుతాడు.

భాష్యం లెక్క వేసుకున్నాడు. ఆ సాయంత్రం కూడా పోతే ఇక తను “ఎస్ సార్” అనేవాడుగానే మిగిలిపోతాడు. నేర్చుకుంటానన్నాడు.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి, పాండీబజారు దగ్గర దిగి, చీరల కొట్ల మధ్య నుంచి నడుచుకుంటూ కవిగారి ఇల్లు చేరాడు. ముందుగది నిండా పుస్తకాలు, రెండు పేము కుర్చీలు. ఇంట్లోకి పోయే తలుపుకు ఈ వైపు నుంచి గడియ పెట్టివుంది. సంసారపు చప్పుళ్ళు కవిత్వంలోకి రాకుండా అలా పెట్టుకున్నానని శంకరనారాయణ చెప్పి, ఒక కాగితం చేతికిచ్చాడు. దానిమీద ఇలా ఉంది:

నా గదికి మూడు గోడలు.
నాలుగోది
నేను.
నాకు కిటికీ లేదు.
ఎవరో తడుతున్నారు
లోపలినుంచి.

భాష్యం చదివి, కాగితం వెనక్కి తిప్పి చూశాడు. అక్కడ ఏమీ లేదు. వెలుతురుకు పట్టి చూశాడు. అక్కడా లేదు. తక్కింది ఎప్పుడు వస్తుందని వినయంగా అడిగాడు. అంతే అన్నాడు కవి.

“సరే, ఒక్క సందేహమండీ,” అన్నాడు భాష్యం. “నాలుగో గోడ మీరైతే పైకప్పు దేనిమీద నిలబడి ఉండాది? మా ఇంట్లో గూడా మాకు సొంతగోడలు మూడే. నాలుగోది మునియక్కది. ఆమె ఆడ మేకు కొడితే మా వైపు సున్నం రాలతాది.”

శంకరనారాయణ కళ్ళు మూసుకుని, పళ్ళు నొప్పెట్టినవాడిలా కాసేపు ఉండి, కళ్ళు తెరిచాడు. గోడ అంటే గోడ కాదని చెప్పాడు. గది గది కాదు. కిటికీ కిటికీ కాదు. భాష్యం అన్నిటికీ తల ఊపి, “నేను” అన్నది మాత్రం మీరే కదా అని ఆశగా అడిగాడు. అదీ కాదట.

ఆ పైన పాఠం మొదలైంది. ఆధునిక కవిత వినేటప్పుడు “ఆహా” అనకూడదు. తల ఊపకూడదు, ఊపితే తాళం ఉందన్న అనుమానం వస్తుంది. అర్థం అడగకూడదు. తొడ మీద చెయ్యి అసలే పడకూడదు. అయిపోయాక కాసేపు మాట్లాడకుండా ఎటో చూడాలి. ఆ చూపు ఎవరి మీదా పడకూడదు, పడితే మర్యాద అవుతుంది. చదివేటప్పుడు రాగం నీడ కూడా సోకకూడదు. ఒక్కొక్క మాటనూ విడిగా, చల్లగా, వైద్యుడు కబురు చెప్పినట్టు చెప్పాలి. భాష్యం ఒక్కొక్కటీ వేళ్ళ మీద లెక్కబెట్టుకుని ఇంటికి వచ్చాడు.

ఆ వారమంతా ఆయన సాధన చేశాడు. చారన్నం తిని, చెయ్యి ఎండిపోతున్నా లేవకుండా, గోడమీది బల్లిని చూస్తూ కూర్చున్నాడు. భార్య వరదలక్ష్మి ఉప్పెక్కువయిందా అని అడిగింది. పలకలేదు. పులుపు తక్కువయిందా అంది. పలకలేదు. చారు చారు కాదు అన్నాడు చివరికి, చల్లగా, ఒక్కొక్క మాటా విడదీసి. వరదలక్ష్మి పరుగున గోడ అవతలికి పోయి మునియక్కను పిలుచుకొచ్చింది. మునియక్క గుమ్మంలోనే నిలబడి ఆయన చూపు చూసి, ఇది టి. నగర్ గాలి సోకడమేనని తేల్చి, ఎండుమిరపకాయలు, రాళ్ళుప్పు తిప్పి పొయ్యిలో వేసింది. మిరపకాయలు ఘాటెక్కి ఇంట్లోవాళ్ళందరూ దగ్గారు. భాష్యం మటుకు దగ్గు కూడా ఆపుకుని ఎటో చూశాడు. సాధన అంటే అదీ.

ఇన్ని చేసినా కవిత మాత్రం ఆయనకు అంటలేదు. నోరు నేర్చుకుంది, తల ఊపడం మానేసింది, లోపల మటుకు ఖాళీ. అందులో దుఃఖం ఉందని కవిగారు చెబుతారు. ఎవరి దుఃఖం, దేనికి? హరిశ్చంద్రుడంటే కాటికాపరి అయ్యాడు, తెలుస్తుంది. ఈ మనిషికి గోడ అవడం తప్ప వేరే ఏం కష్టం వచ్చింది?

వార్షికోత్సవం దగ్గర పడుతున్న ఒక ఆదివారం, శంకరనారాయణ చివరి రెండు పంక్తులు వివరిస్తున్నాడు. అప్పుడు గడియ పెట్టిన తలుపు అవతల నుంచి టకటక మని చప్పుడైంది. మెత్తగా, వేలి కణుపుతో కొట్టినట్టు. కవి వినలేదు. తట్టేది అంతరాత్మ అంటున్నాడు, శతాబ్దం అంటున్నాడు, మనిషి తనలో పాతిపెట్టుకున్న మనిషి అంటున్నాడు. మళ్ళీ టకటక.

“ఈడ ఎవురో తడతా ఉండారండీ, లోపల్నించి,” అన్నాడు భాష్యం.

శంకరనారాయణ ముఖం వెలిగిపోయింది. లేచి వచ్చి భాష్యం రెండు చేతులూ పట్టుకున్నాడు. “వినిపించిందా మీకు?”

“ఆమా, బాగా వినిపిస్తా ఉండాది.”

“ఇదే భాష్యంగారూ, ఇదే ఆస్వాదన. నా విద్యార్థులకు ఏడాది చెప్పినా వినిపించలేదు.” ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. “వినండి. ఇంకా వినండి.”

భాష్యం వింటూనే ఉన్నాడు. తలుపు మీద టకటక ఇంకా మోగుతూనే ఉంది. తన గురువు ఆనందం చెడగొట్టడం ఇష్టం లేక, పైగా అర్థం అడగకూడదన్న నియమం ఒకటి ఉంది గనక ఊరుకున్నాడు. చాలాసేపటికి కవి పాఠం ముగించి, దాహమేసి గడియ తీశాడు. అవతల ఆయన భార్య మృణాళిని రెండు గ్లాసుల పళ్ళెం పట్టుకుని నిలబడివుంది. కాఫీ మీద మీగడ చొక్కా తొడుక్కుంది. ఆమె పళ్ళెం బల్లమీద పెట్టి, తట్టీ తట్టీ ఎర్రబడ్డ వేలి కణుపును కొంగుతో తుడుచుకుని వెళ్ళిపోయింది. శంకరనారాయణ ఆ చల్లని కాఫీ ఒక గుక్క తాగి, ఆధునిక జీవితం రుచి ఇంతే అని నిట్టూర్చి, తిరిగి గడియ పెట్టుకున్నాడు.

భాష్యానికి అప్పుడు తగిలింది. నెలల తరబడి అంటని కవిత ఒక్కసారిగా అంటుకుంది. గోడ ఎవరో తెలిసింది. తట్టేదెవరో తెలిసింది. కిటికీ ఎందుకు లేదో కూడా తెలిసింది. ఇంత చక్కటి కవిత రాసిన మనిషికి అది తన ఇంటి సంగతని తెలియకపోవడం ఒక్కటే ఆయనకు అర్థం కాలేదు. బహుశా అదే ఆధునికమేమో అనుకున్నాడు.

వార్షికోత్సవం నాడు హాలు కిటకిటలాడింది. కర్నూలు పోగా మిగిలిన తెలుగు మద్రాసు అంతా అక్కడే ఉన్నట్టుంది. వేదిక మీద అధ్యక్షుడి పక్కన శంకరనారాయణ, ఆయన బొత్తాం సందు. ఆడవాళ్ళ వైపు ముందు వరసలో మృణాళిని. హార్మోనియం వద్దని కార్యదర్శి ఆజ్ఞ. ఆ సంగతి నాగప్పన్‌కు ఇద్దరు చెప్పారు. ఆయన ఇద్దరికీ నమస్కారం పెట్టి, పెట్టె తెచ్చుకుని యథాప్రకారం తన చోట కూర్చున్నాడు.

భాష్యం మైకు ముందుకు వచ్చాడు. నేర్చుకున్నట్టే మొదలుపెట్టాడు. “నా గదికి. మూడు. గోడలు.”

జనం మైకు పరీక్ష అనుకున్నారు.

“నాలుగోది. నేను.”

వెనక వరసలో ఒకాయన, పాపం భాష్యంగారికి జలుబు చేసిందని పక్కాయనతో అన్నాడు. పక్కాయన మిరియాల కషాయం చెప్పాడు. శంకరనారాయణ ఒక్కడే కళ్ళు మూసుకుని, ఎవరినీ చూడకుండా, ఆస్వాదిస్తున్నాడు. నాగప్పన్‌కు మాత్రం చూడబుద్ధి కాలేదు. మాటలు వినిపించకపోయినా భాష్యం మెడనరాలు ఉబ్బకపోవడం ఆయనకు కనిపించింది. శ్రుతి అందక స్నేహితుడు అవస్థ పడుతున్నాడని జాలిపడి, తిత్తి నొక్కి, ఇన్నేళ్ళుగా ఇచ్చిన శ్రుతినే ఇచ్చాడు.

ఆ శ్రుతి చెవిలో పడగానే భాష్యం గొంతు, గంట విన్న జట్కా గుర్రంలా తనంతట తానే కదిలింది. ఆయన ఆపాలనే చూశాడు. సరిగ్గా ఆ సమయానికి కళ్ళు ముందు వరసలో మృణాళిని మీద పడ్డాయి. ఆమె ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో చేతి వేలి కణుపును రాసుకుంటోంది. ఇక ఆగలేదు.

“ఎవరో…” అని ఎత్తుకున్నాడు. మోహనంలో బయల్దేరిన ఆ “ఎవరో” పైస్థాయికి పోయి, అక్కడ కాసేపు కూర్చుని, దిగి వస్తూ ముఖారిలోకి జారింది. వెనక వరసలో ఒకాయన లేచి బయటికి పోయి, బోండా తిని, కాఫీ తాగి, చెయ్యి కడుక్కుని తిరిగి వచ్చేసరికి ఇంకా “ఎవరో” దగ్గరే ఉందంటారు. “తడుతున్నారూ…” అనేటప్పటికి హాల్లో విసనకర్రలు ఆగిపోయాయి. “లోపలినుంచీ…” అని ముగించి భాష్యం కళ్ళు తెరిచాడు.

శంకరనారాయణ ముఖంలో నెత్తురుచుక్క లేదు.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు లేచింది. “వన్స్ మోర్.”

సభ పుట్టిన తర్వాత ఆ మాట ఆ వైపు నుంచి రావడం అదే మొదలు. అన్ని తలలూ అటు తిరిగాయి. మృణాళిని తల దించలేదు. మొగుణ్ణే చూస్తూ, చల్లగా, మాటామాటా విడదీసి ఇంకోసారి అంది. “వన్స్. మోర్.” పక్కనున్న ముసలమ్మ ఒకావిడ తనూ అందుకుంది. ఆ తర్వాత హాలంతా అందుకుంది. భాష్యం మళ్ళీ పాడాడు, ఇంకోసారి పాడాడు, ఆ పైన మూడోసారీ పాడాడు. ఆ రోజు ఆనవాయితీ లెక్క తప్పింది.

అధ్యక్షుడు కళ్ళు ఒత్తుకుంటూ లేచి, ఆధునిక కవిత్వం మీద తనకున్న అపోహలు తొలగాయన్నాడు. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్య శంకరనారాయణ ముఖంలోకి నెత్తురు తిరిగి వచ్చింది. మైకు అందుకుని, శూన్యానికి శ్రుతి కలపడమన్నది తాను చాలాకాలంగా తలపెట్టిన ప్రయోగమనీ, నేటికి తన కవితకు తగిన వాద్యం దొరికిందనీ సెలవిచ్చాడు. వాద్యం అన్నది తననేనని భాష్యానికి తట్టలేదు. మనస్ఫూర్తిగా సంతోషించి నాగప్పన్ హార్మోనియాన్ని ఒకసారి నిమిరాడు.

వచ్చే ఏడు కూడా తొలి కవిత భాష్యంగారిదేనని సభ తీర్మానించింది. పై ఆదివారం ఇంటికి రమ్మన్నాడు కవి. రాగం ఎక్కడ పడాలో ఎక్కడ పడకూడదో తాను నిర్ణయించాలట.

భాష్యం వెళ్ళేసరికి ముందుగది నిండా కొత్త శిష్యులు. చాప మీద ఒరుసుకుని కూర్చున్నారు. భాష్యానికి మర్యాదగా పేము కుర్చీ వేశారు. శంకరనారాయణ నాలుగో గోడ గురించి చెబుతున్నాడు. ఇంతలో టకటక.

“విన్నారా?” అన్నాడు కవి గొంతు తగ్గించి.

శిష్యులందరూ కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ టకటక. ఒకడి చెంప మీద నీటిబొట్టు జారింది. తల ఊపినవాడు ఒక్కడూ లేడు. అందరికందరూ భాష్యం కన్నా త్వరగా నేర్చుకున్నవాళ్ళు. కవి భాష్యం వంక చూసి, మీరు కూడా అన్నట్టు రెప్పలు ఆడించాడు.

కళ్ళు మూసుకుంటే చాలు. వచ్చే ఏడు పట్టు జుబ్బా, జరీ కండువా, వన్స్ మోర్లు. భాష్యం మూసుకున్నాడు కూడా. చీకట్లో టకటక ఇంకా బిగ్గరగా వినబడింది. గిడ్డంగిలో దొర ముందు కళ్ళు దించుకుని నిలబడే తను కనబడ్డాడు. ఎస్ సార్ అనడం నాలిక చివరికి వచ్చింది. అది ఇక్కడ కూడా అంటే బతుకులో ఇంకేం మిగులుతుంది?

లేచాడు. శిష్యుల మోకాళ్ళు దాటుకుంటూ పోయి గడియ లాగాడు. అవతల మృణాళిని, పళ్ళెం, పొగలు కక్కుతున్న కాఫీ. తలుపు అంత త్వరగా తెరుచుకుంటుందని అనుకోలేదేమో, ఆమె చెయ్యి ఇంకా తట్టడానికి గాలిలోనే ఎత్తివుంది.

శంకరనారాయణ పేము కుర్చీలోంచి దిగ్గున లేచాడు. “ఎంత పని చేశారు భాష్యంగారూ. కవితను చంపేశారు.”

“చావలేదండీ,” అన్నాడు భాష్యం. “కాఫీ తెచ్చింది.”

శిష్యుల్లో ఒకడికి నవ్వొచ్చి, అది ఆస్వాదనలో ఉందో లేదో తెలియక మింగేశాడు. కవి తన తీర్పు చెప్పాడు. కొందరికి కవిత్వం నేర్పలేం. వచ్చే ఏడు కోడంబాక్కం పళనే చదువుతాడు. ఇది కార్యదర్శి మాట.

భాష్యం ఆ మాట పూర్తిగా విన్నాడు. లోపల ఎక్కడో ఒక పట్టు జుబ్బా మడతపడి పెట్టెలోకి వెళ్ళిపోయింది. ఆయన గ్లాసు అందుకుని, కాస్త చల్లారనిమ్మని మృణాళిని చెబుతున్నా వినకుండా, ఆ సెగలోనే మొత్తం తాగేశాడు. ఖాళీ గ్లాసు ఆమె ముందుకు చాచాడు.

“వన్స్ మోర్, తల్లీ.”

మృణాళిని నవ్వుతూ లోపలికి వెళ్ళింది. వెళ్తూ తలుపు వెయ్యలేదు. లోపల్నుంచి పోపు వాసన, పిల్లల గోల, కుళాయి చప్పుడు అన్నీ కలిసి ముందుగదిలోకి వచ్చి, శిష్యుల మధ్య చోటు చేసుకుని కూర్చున్నాయి.

ఆ రోజు ఆయన తిరుగు బస్సులో “ఎవరో” ఎత్తుకుంటే కండక్టరు విజిలు ఊదడం మరిచాడనీ, బస్సు రాయపురం దాటి సముద్రంలో మోకాలి లోతు దాకా పోయి ఆగిందనీ మునియక్క చెబుతుంది. అది నమ్మాల్సిన పనిలేదు. నాలిక కాలిన మాట మాత్రం నిజం. రాత్రి చారన్నం దగ్గర ఆయన ఉస్సూ అంటూ చెయ్యి ఊపుతుంటే వరదలక్ష్మి కళ్ళారా చూసింది. ఉప్పెక్కువయిందా అని అడిగితే, లేదే, చారు చారులాగే ఉండాది అన్నాడు.